72 – 72: ఓటరు కోపం చివరికి ఎవరి మీద పడింది?

శ్రోతలకు నమస్కారం.

ఒక్క ఓటు విలువ ఎంతో మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం 269 – 270 తేడాతో పడిపోయినప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్నది మన కోనసీమ మనిషి బాలయోగి గారే. ఆ పూట టీవీల ముందు కూర్చున్నవాళ్లు ఆ టెన్షన్ ఇంకా మరిచిపోయి ఉండరు. ఇవాళ చెప్పబోయేది కూడా అంత దగ్గరి లెక్కే. మన దగ్గర అది ఒక్క పూటలో తేలిపోయింది. ఆస్ట్రేలియాలో 2010లో తేలడానికి 17 రోజులు పట్టింది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 2007లో కెవిన్ రడ్ నాయకత్వంలో లేబర్ పార్టీ ఘనంగా గెలిచింది. మూడేళ్లు నిండకుండానే, 2010 జూన్ 24న, సొంత పార్టీ ఎంపీలే ఆయన్ని దించేసి ఉప ప్రధాని జూలియా గిలార్డ్‌ను ప్రధాని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ దేశానికి ఆవిడే మొదటి మహిళా ప్రధాని. రాత్రికి రాత్రి నాయకుడు మారిపోవడం తెలుగువాళ్లకు వింత కాదు కానీ, అక్కడి జనం మాత్రం పొద్దున్నే లేచి నోరెళ్లబెట్టారు. రడ్ సొంత రాష్ట్రం క్వీన్స్‌లాండ్‌లో మరీనూ. మేం గెలిపించిన మనిషిని తీసెయ్యడానికి మీరెవరు అన్నది వాళ్ల ప్రశ్న. పార్లమెంటరీ పద్ధతిలో ప్రధానిని ఎన్నుకునేది ఎంపీలే, జనం కాదు. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం ఆగుతుందా?

ఆ కోపం చల్లారకముందే గిలార్డ్ ఎన్నికలు ప్రకటించారు. అవతల లిబరల్, నేషనల్ పార్టీల కూటమికి టోనీ అబాట్ నాయకుడు. ఆవిడ నినాదం ‘ముందుకు సాగుదాం’, ఆయన నినాదం ‘పడవలను ఆపుతాం’. అంటే సముద్రం మీద పడవల్లో వచ్చే శరణార్థుల గురించి. ఇద్దరికీ కలిపి టీవీలో ఒకే ఒక్క చర్చ పెట్టారు. దాన్ని కూడా మాస్టర్‌చెఫ్ ఫైనల్‌కు అడ్డం రాకుండా ముందుకు జరిపారు! వంటల పోటీకి దారివ్వడానికి ప్రధాని పదవి మీద చర్చ పక్కకు తప్పుకుందంటే, ఆ ఎన్నిక మీద జనానికి ఎంత మోజు ఉందో ఊహించుకోండి.

మా మేనల్లుడు ఒకడు సిడ్నీ పడమటి శివార్లలో ఉంటాడు. అంతకు కొద్ది నెలల ముందే వాడికి పౌరసత్వం వచ్చింది, అక్కడ వాడి మొదటి ఓటు అదే. ఆగస్టు 21, శనివారం. ఓటేసి ఇంటికొచ్చి ఫోన్ చేశాడు. “మావయ్యా, ఇది ఎలక్షనో, లెక్కల పరీక్షో అర్థం కాలేదు” అన్నాడు.

వాడి మాటలో అబద్ధం లేదు. మనమైతే ఒక్క మీట నొక్కి, వేలి మీద సిరా చూసుకుంటూ వచ్చేస్తాం. అక్కడ బ్యాలెట్ కాగితం, పెన్సిల్. దిగువ సభ కాగితం మీద ఆరుగురి పేర్లు ఉంటే ఆరుగురికీ 1, 2, 3 అని మన ఇష్టాన్ని బట్టి వరస నంబర్లు వెయ్యాలి. ఎవరికీ సగానికి మించి మొదటి నంబర్లు రాకపోతే, అందరికంటే తక్కువ వచ్చినవాణ్ని తీసేసి, ఆయన ఓట్లను వాటి మీదున్న రెండో నంబరును బట్టి మిగతావాళ్లకు పంచుతారు. ఎవరో ఒకరు సగం దాటేదాకా ఇదే పని. 1918 నుంచీ ఈ పద్ధతే. పైనుంచి కిందికి కళ్లు మూసుకుని 1, 2, 3 వేసుకుంటూ పోయేవాళ్లూ ఉంటారు, దాన్ని అక్కడ ‘గాడిద ఓటు’ అంటారు. ఇక ఎగువ సభ సెనేట్ కాగితం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ఏడాది న్యూసౌత్‌వేల్స్‌లో 80 మందికి పైగా అభ్యర్థులు. పేపరు బల్ల మీద పరిస్తే అంచులు దాటింది. కాకపోతే దానికో అడ్డదారి ఉండేది, నచ్చిన పార్టీ గడిలో 1 వేస్తే చాలు.

చిక్కంతా ఇక్కడే. అప్పట్లో సెనేట్‌కు ఒక్క అంకె చాలు. న్యూసౌత్‌వేల్స్ రాష్ట్ర ఎన్నికల్లోనూ ఒక్క అంకె చాలు. దేశ దిగువ సభకు మాత్రం అందరికీ వెయ్యాలి. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన వలస కుటుంబాలకు ఈ తేడా ఎవరు విప్పి చెబుతారు? సిడ్నీ పడమటి వైపు కొన్ని నియోజకవర్గాల్లో చెల్లని ఓట్లు పది శాతం దాటడానికి ఇది పెద్ద కారణం.

దేశం మొత్తం మీద ఆ ఎన్నికలో చెల్లని ఓట్లు 5.55 శాతం, అంటే 7 లక్షలకు పైగా. 1984 తర్వాత అప్పటిదాకా అంత ఎక్కువ ఎప్పుడూ లేదు. ఇందులో తికమక పాలెంత, కోపం పాలెంత? లేబర్ పార్టీకి ఒకప్పుడు నాయకుడిగా ఉన్న మార్క్ లేథమ్ టీవీలో కూర్చుని, బ్యాలెట్ ఏమీ రాయకుండా ఖాళీగా వేసి రండని జనానికి చెప్పాడు. తర్వాత లెక్క తీస్తే చెల్లని ఓట్లలో నాలుగో వంతుకు పైగా నిజంగానే ఖాళీ కాగితాలు. ఒక్క 1 అంకె మాత్రమే వేసి వదిలేసినవీ దాదాపు అన్నే. కాబట్టి చెల్లని ఓటంతా నిరసనే అన్నవాళ్ల మాట నేను ఒప్పుకోను. సగం కోపం, సగం అయోమయం అనుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుందేమో.

అసలు కోపం వచ్చినవాళ్లు ఇంట్లో పడుకోవచ్చుగా అంటారా? కుదరదు. 1924లో చట్టం చేసి అక్కడ ఓటు తప్పనిసరి చేశారు. 1922లో పోలింగ్ 60 శాతం కూడా లేదు, 1925లో 91 శాతం దాటింది. సరైన కారణం లేకుండా రాకపోతే 20 డాలర్ల జరిమానా. మొత్తం పెద్దది కాదు, కానీ నోటీసు ఇంటికొస్తుంది, జవాబు రాసుకోవాలి. అందుకని జనం బడి దగ్గరికి వెళ్తారు, ఓటేస్తారు, బయట బళ్లోవాళ్లు నిధుల కోసం కాల్చి అమ్మే సాసేజ్ ఒకటి కొనుక్కుని తింటూ ఇంటికొస్తారు. మన దగ్గర నోటా మీట 2013లో వచ్చింది. అక్కడ అలాంటి గడి లేదు. ఖాళీ కాగితమే వాళ్ల నోటా.

ఇక ఫలితాలకు వద్దాం. సభలో మొత్తం సీట్లు 150. లేబర్‌కు 72. కూటమికి కూడా 72. పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి గెలిచిన ఒక నేషనల్ పార్టీ సభ్యుడు తాను కూటమిలో భాగం కాదన్నాడు, కానీ మొగ్గు అటే. మెల్‌బోర్న్‌లో గ్రీన్స్ పార్టీకి ఒకటి. నలుగురు ఇండిపెండెంట్లు. 1940 తర్వాత ఆ దేశం హంగ్ పార్లమెంట్ చూడటం అదే మొదలు.

మరి జనం ఎవర్ని గెలిపించినట్టు? చర్చ మొత్తం దీని చుట్టూనే తిరిగింది, రుజువు మాత్రం ఇద్దరి దగ్గరా ఉంది. మొదటి నంబరు ఓట్లు చూస్తే కూటమికి 43 శాతానికి పైగా, లేబర్‌కు 38 శాతం. కాబట్టి జనం మాతోనే ఉన్నారని అబాట్ మనుషులు. అలా కాదు, నంబర్లన్నీ పంచి చివరికి రెండు పక్షాల మధ్య లెక్క చూడాలని లేబర్ మనుషులు. ఆ లెక్క కూడా ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు లేదు. ఇండిపెండెంట్లు గట్టిగా ఉన్న నియోజకవర్గాలను ఎన్నికల కమిషన్ ఆ లెక్కలోంచి తాత్కాలికంగా పక్కన పెట్టేసరికి, వెనకబడ్డ కూటమి కాస్తా ముందుకొచ్చింది. పత్రికలకు పండగ. చివరికి అన్నీ కలిపాక లేబర్‌కు 50.12, కూటమికి 49.88. కోటీ ఇరవై లక్షల పైచిలుకు ఓట్లలో తేడా 30 వేల చిల్లర.

ఈ లెక్కలు చూసి ఓటరు విసుక్కున్నాడంటే విసుక్కోడూ? కానీ నాకెందుకో ఆ ఓటరు మాట స్పష్టంగానే వినపడుతుంది. రాత్రికి రాత్రి ప్రధానిని మార్చినందుకు లేబర్‌ను కొట్టాడు. అలాగని అబాట్‌ను నమ్మి పూర్తిగా చేతిలో పెట్టనూ లేదు. దాదాపు 12 శాతం మంది గ్రీన్స్‌కు వేశారు.

తర్వాత 17 రోజులు. గిలార్డ్‌ది ఆపద్ధర్మ ప్రభుత్వం. అందరి కళ్లూ పల్లె ప్రాంతాల నుంచి గెలిచిన ముగ్గురి మీద. క్వీన్స్‌లాండ్ నుంచి పెద్ద టోపీ బాబ్ కాటర్, న్యూసౌత్‌వేల్స్ నుంచి టోనీ విండ్సర్, రాబ్ ఓక్‌షాట్. ముగ్గురూ ఒకప్పటి నేషనల్ పార్టీ మనుషులే, విడిపోయి సొంతంగా నిలబడ్డవాళ్లు. టాస్మేనియాలో గెలిచిన నాలుగో ఇండిపెండెంట్ ఆండ్రూ విల్కీ ముందే లేబర్ వైపు వెళ్లాడు. హోబార్ట్ ఆసుపత్రికి అబాట్ 100 కోట్ల డాలర్లు ఇస్తానంటే అది బాధ్యత లేని మాట అని కాదని, లేబర్ ఇస్తానన్న 34 కోట్లకు సరేనన్నాడు. ఎక్కువిస్తానన్నవాణ్ని వదులుకోవడం రాజకీయాల్లో మనం తరచూ చూసే దృశ్యం కాదు.

ముగ్గురూ కలిసి ఇంకో పని చేశారు. రెండు పక్షాల వాగ్దానాలకూ ఖర్చెంతో ఆర్థిక శాఖ అధికారుల చేత లెక్క కట్టించమన్నారు. కట్టిస్తే కూటమి లెక్కలో 700 నుంచి 1100 కోట్ల డాలర్ల దాకా తేడా బయటపడింది.

సెప్టెంబర్ 7 మధ్యాహ్నం. మొదట కాటర్ బయటికొచ్చి కూటమికి మద్దతన్నాడు. గ్రీన్స్ సభ్యుడు, విల్కీ అప్పటికే లేబర్ వైపు, పశ్చిమ ఆస్ట్రేలియా సభ్యుడు కూటమి వైపు. దాంతో 74 – 74. తర్వాత విండ్సర్ లేబర్ అన్నాడు. 75 – 74. చివర ఓక్‌షాట్. మాట విప్పి, అసలు సంగతి చెప్పకుండా 17 నిమిషాలు మాట్లాడాడు! దేశమంతా టీవీల ముందు జుట్టు పీక్కుంది. రోజుకో నిమిషం చొప్పున వాయించాడని మావాడు ఫోన్‌లో ఒకటే నవ్వు. ఆఖరికి లేబర్ అన్నాడు. 76 – 74.

ఆ క్షణం నుంచి కోపం దారి మారింది. విండ్సర్ నియోజకవర్గం న్యూ ఇంగ్లండ్‌లో లేబర్‌కు వచ్చిన మొదటి నంబరు ఓట్లు పది శాతం లోపే. ఓక్‌షాట్ నియోజకవర్గం లైన్‌ కూడా పాతకాలం నుంచి నేషనల్ పార్టీ కోటే. నిన్ను గెలిపించింది నీ మొహం చూసి, లేబర్‌ను గద్దెనెక్కించమని కాదు అన్నారు ఊళ్లో జనం. విండ్సర్, ఓక్‌షాట్‌ల కారణాలు వాళ్లకున్నాయి. పల్లెలకు ఫైబర్ ఇంటర్నెట్ వస్తుందని, పల్లె ప్రాంతాలకు దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల ప్యాకేజీ వచ్చిందని చెప్పారు. విండ్సర్ ఇంకో మాట దాచకుండా చెప్పాడు. మళ్లీ ఎన్నికలకు వెళ్తే కూటమి గెలిచేలా ఉంది, కాబట్టి వాళ్లకు మూడేళ్లు సభ నడపాలన్న తొందర ఉండదు, లేబర్‌కు ఉంటుంది అని. లెక్క సరైనదే. కానీ అది వినే ఓటరుకు ఎలా ఉంటుంది? మీ పార్టీ గెలిచేలా ఉంది కాబట్టే వాళ్లకు మద్దతివ్వలేదు అన్నట్టే కదా!

ఎన్నికలకు ఐదు రోజుల ముందు గిలార్డ్ తన ప్రభుత్వంలో కార్బన్ పన్ను, అంటే వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల మీద వేసే పన్ను, ఉండదని చెప్పారు. 2011 ఫిబ్రవరిలో కార్బన్‌కు ధర పెడుతున్నామని ప్రకటించారు. గ్రీన్స్, ఇండిపెండెంట్ల మద్దతు మీద నడిచే ప్రభుత్వంలో అది జరగక మానదు. కానీ జనానికి గుర్తున్నది మొదటి మాటే. అబద్ధాలకోరని అట్టల మీద రాసుకుని పార్లమెంటు ముందు ధర్నాలు చేశారు. ఆ ఆగస్టులో లారీల ఊరేగింపు ఒకటి కాన్‌బెరా చేరింది. ఆ మూడేళ్ల సభ 500కు పైగా బిల్లులు ఆమోదించిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ప్రభుత్వం రేపు పడుతుంది, ఎల్లుండి పడుతుందన్న మాటలోనే మూడేళ్లూ గడిచిపోయాయి. పడలేదు.

మన పిల్లల సంగతి కూడా ఒక్క మాట. ఆ ఏడాదే నైపుణ్య వలస నిబంధనలు మారాయి. వంట కోర్సో, హెయిర్‌డ్రెస్సింగ్ కోర్సో చదివి అక్కడే పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) తెచ్చుకుందామని అప్పులు చేసి వెళ్లిన తెలుగు కుర్రాళ్లకు దారి మూసుకుపోయింది. ఎన్నికల ప్రచారంలో రెండు పార్టీలూ జనాభా పెరగడం గురించే మాట్లాడాయి. ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్లకు మాత్రం ఓటు లేదు.

2013 జూన్ 26న లేబర్ ఎంపీలు గిలార్డ్‌ను దించి రడ్‌ను మళ్లీ తెచ్చారు. అదే రోజు విండ్సర్, ఓక్‌షాట్ ఇద్దరూ ఇక పోటీ చెయ్యమని చెప్పేశారు. వాళ్ల రెండు సీట్లూ నేషనల్ పార్టీకి తిరిగి వెళ్లిపోయాయి. 2016లో ఇద్దరూ మళ్లీ నిలబడ్డారు, ఇద్దరూ ఓడారు. ఆసుపత్రికి తక్కువ డబ్బు చాలన్న విల్కీ, ఊరి మొగ్గును బట్టి నడిచిన కాటర్ మాత్రం 2025లో కూడా గెలిచి అదే సభలో కూర్చున్నారు.

నమస్కారం.