కుంకుడుకాయ బొమ్మ, కుంకుడు రసం

సభకు నమస్కారం.

మీరంతా సంచుల్లోంచి తీసి ఈ బల్ల మీద పేర్చిన సీసాలు, డబ్బాలు, పొట్లాలు చూస్తుంటే నాకు సంక్రాంతి బొమ్మల కొలువు గుర్తొస్తోంది. ఇంట్లో వాడుతున్న తలనూనెనో, షాంపూనో, సబ్బునో ఒకటి తెమ్మని గ్రంథాలయం వారితో చెప్పించాను. కొందరు మూడేసి తెచ్చారు. సంతోషం. ఏ కంపెనీ పేరూ నేను ఎత్తను, మీరూ ఎత్తకండి. ఇవాళ మనకు సీసా వెనక వైపు అచ్చు వేసిన పదార్థాల జాబితాతోనే పని. ముందు వైపు బొమ్మలోని మూలిక లోపల ఎంత ఉందో దాన్ని బట్టి చూద్దాం.

ఈ గ్లాసులో ఉన్నది కుంకుడు రసం. కాయలు గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొన్నాను. 1956లో ఏర్పడిన ఆ సంస్థ మన్యంలో కొనే అటవీ ఫలసాయంలో కుంకుడుకాయ, శీకాయ కూడా ఉన్నాయి. పొద్దున పది కాయలు రాతి మీద కొట్టి, గింజలు ఏరేసి, వేణ్నీళ్లలో నానబెట్టి పిసికి వడగట్టాను. పక్కన ఉన్నది మీలో ఒకరు తెచ్చిన షాంపూ. సీసా మీద రెండు కుంకుడుకాయలు, ఒక శీకాయ, ఒక ఉసిరికాయ, వెనకాల పచ్చటి ఆకులు. బొమ్మ ముచ్చటగానే ఉంది. రెంటినీ చెరొక చెంచా ఈ పరీక్షనాళికల్లో పోసి, నీళ్లు కలిపి ఊపుతున్నాను. చూశారా, రెండూ నురగలే.

కుంకుడు నురగ సాపొనిన్‌ల వల్ల వస్తుంది. అవి కాయ తొక్కలో ఉంటాయి. ఆ అణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, చక్కెరలు తగిలించుకున్న రెండో కొస నీళ్లను పట్టుకుంటుంది. తలలోని జిడ్డు నీళ్లతో పాటు జారిపోయేది ఈ రెండు చేతుల పట్టు వల్లే. వృక్షశాస్త్రజ్ఞులు ఈ చెట్టు ప్రజాతికి పెట్టిన సాపిండస్ అనే పేరుకు అర్థమే భారతదేశపు సబ్బు.

షాంపూ నురగ ఎక్కడిది? సీసా తిప్పుదాం. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి, కళ్లజోడు పెట్టుకోనివ్వండి. మొదట నీళ్లు. తరవాత సోడియం లారెత్ సల్ఫేట్. మూడోది కోకమిడోప్రొపైల్ బీటైన్. నురగ ఈ రెంటిదే. నాలుగోది సోడియం క్లోరైడ్, అంటే మన ఉప్పే, షాంపూ చిక్కబడటానికి వేస్తారు. తరవాత మెరుపు కోసం ఒకటి, జుట్టు చిక్కు పడకుండా ఒకటి, సువాసన. కుంకుడు సారం పదకొండోది. శీకాయ పన్నెండు, ఉసిరి పదమూడు. ముందు వైపు బొమ్మలో రాజులా కూర్చున్న కాయ, వెనక వైపు బంతిలో చివరి విస్తరి దగ్గర కూర్చుంది.

ఈ వరుస కంపెనీ ఇష్టం కాదు. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం ఒక శాతం కన్నా ఎక్కువగా ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని వాటి తరవాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. మెలిక ఇక్కడే ఉంది. ఆ ఒక శాతం గీత ఎక్కడ పడిందో లేబుల్ మీద ఎవరూ గీయరు. మనమే పట్టుకోవాలి.

పట్టుకోవడానికి నేను వాడే గుర్తు ఒకటుంది. చాలా సీసాల్లో ఫినాక్సీఇథనాల్ అని, సరుకు పాడవకుండా వేసే నిల్వ పదార్థం కనిపిస్తుంది. దాన్ని ఒక శాతానికి మించి వాడకూడదు. కాబట్టి వరుసలో దాని తరవాత ఏ మూలిక పేరు కనిపించినా, అది ఒక శాతానికి లోపేనని కళ్లు మూసుకుని చెప్పవచ్చు. దాని కన్నా ముందు కనిపించిన మూలిక ఎక్కువ ఉన్నట్టా? అలా అనుకుంటే మోసపోతాం. గీత కింద ఏ వరుసైనా చెల్లుతుంది కనుక, తెలివైనవారు మూలికలను ముందు రాసి, నిల్వ పదార్థాన్ని చివర్లో పెడతారు. ఈ గుర్తు తక్కువను పట్టిస్తుంది, ఎక్కువకు హామీ ఇవ్వదు. మరొక సంగతి: 60 మిల్లీలీటర్ల లోపు ద్రవం ఉన్న పొట్లాల మీద ఈ జాబితా ఉండాలన్న నియమం లేదు. కిరాణా కొట్టులో తోరణంలా వేలాడే షాంపూ పొట్లాలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

"అయితే ఆ సల్ఫేటూ బీటైనూ కెమికల్సే కదా, మొక్కలు కావు కదా" అని మీరు అడుగుతారు. నా అనుభవంలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఆ సల్ఫేటులో నూనెను పట్టుకునే కొస చాలాసార్లు కొబ్బరినూనె నుంచో, పామ్ గింజల నూనె నుంచో వచ్చినదే. బీటైన్ పేరు మొదట్లోని కోక అన్న ముక్క కూడా కొబ్బరే. కాబట్టి ఎవరైనా ఈ సీసా మీద కొబ్బరి నుంచి తయారైనది అని అచ్చు వేస్తే అది అబద్ధం కాదు. కానీ కొబ్బరికాయకు, ఆ పదార్థానికి మధ్య ఒక కర్మాగారం మొత్తం ఉంది.

ఇప్పుడు ఈ రెండో సీసా చూడండి. ముందు వైపు పెద్ద అక్షరాలతో సల్ఫేట్ లేదు అని ఉంది. వెనక రెండో స్థానంలో సోడియం ఓలెఫిన్ సల్ఫొనేట్. ఫేటు కాదు, ఫొనేటు. మాట నిజమే. అయితే ఇది సాధారణంగా పెట్రోలియం నుంచి వస్తుంది, జిడ్డు తీయడంలో ఆ సల్ఫేటుకు ఏమీ తీసిపోదు. సల్ఫేట్ మానేద్దామని వెళ్లినవారు కొబ్బరి చెట్టు దిగి పెట్రోలు బావిలో పడ్డట్టయింది.

దీనికి సరిగ్గా ఎదురు కథ కూడా ఉంది. ఇదే జాబితాలో గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్ అని ఒక పేరుంది. పలకడానికే మధ్యలో ఊపిరి తీసుకోవాలి. ఎవరికి చూపించినా భయపడతారు. గ్వార్ అంటే గోరుచిక్కుడు. మనం కొబ్బరికోరు వేసి కూర వండుకునే గోరుచిక్కుడు గింజల జిగురును కొంచెం మార్చి తీసినదే అది. వెంట్రుకకు అంటుకుని చిక్కు పడనివ్వదు. మా అమ్మమ్మ శీకాయపొడిలో గంజి కలిపి, మందారాకు నలిపి వేసేది. ఆ జిగురు చేసే పనీ, ఈ పొడుగు పేరు పదార్థం చేసే పనీ ఒకే కోవవి. మొక్క నుంచి వచ్చిందా లేదా అని అడిగితే రెండు సీసాలూ తలూపుతాయి. ఎంత ఉంది, అక్కడ ఉండి ఏం చేస్తోంది అని అడిగితే తేడా బయటపడుతుంది.

కుంకుడు రసాన్ని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. దానికీ లోపాలున్నాయి. కంట్లో పడితే చుక్కలు కనిపిస్తాయి, భోగి పొద్దున ఏడవని పిల్లలెవరు? కాయను బట్టి, నానిన సేపును బట్టి గాఢత మారుతుంది. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది నిల్వ. ఒకసారి వారానికి సరిపడా రసం తీసి ప్లాస్టిక్ సీసాలో పోసి స్నానాల గదిలో పెట్టాను. మూడో రోజుకు సీసా పొట్ట ఉబ్బింది. మూత తిప్పగానే ఠప్పుమంది, వాసన చెప్పతరం కాదు. నీళ్లూ మొక్క సారమూ కలిసిన చోట సూక్ష్మజీవులకు పెళ్లివిందే. అందుకే నెలల తరబడి నిల్వ ఉండే నీళ్ల సరుకు ఏదైనా నిల్వ పదార్థాలేవీ లేవని చెప్పుకుంటే నాకు సంతోషం కన్నా అనుమానం ఎక్కువ కలుగుతుంది. పొడి రూపంలో కొనుక్కుంటే ఆ బెడద చాలా తగ్గుతుంది, తడి తగలనివ్వకూడదు, అంతే. ఇక కెమికల్స్ అసలే లేని సీసా అంటారా, అది ఖాళీ సీసా కూడా కాదు. అందులో గాలి ఉంటుంది.

కుంకుడుకు ఒక గొప్ప గుణం మాత్రం ఉంది. బోరు నీళ్లలో కూడా పని చేస్తుంది. ఉప్పు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే తెల్లటి తెట్టు కడుతుంది. సాపొనిన్ అలా తెట్టు కట్టదు. పైగా కుంకుడు రసం కొద్దిగా ఆమ్ల గుణం కలది, సబ్బు క్షారం. మా బంధువుల అమ్మాయి ఒకరు చేతితో చేసిన సహజమైన సబ్బు అని మురిసిపోయి, దానితోనే నెల రోజులు తలస్నానం చేసింది. వాళ్లది బోరు నీళ్ల ఊరు. జుట్టు కొబ్బరిపీచులా తయారైంది. ఆ సబ్బులో వాడిన నూనెలన్నీ మొక్కలవే, తయారీలో మోసమేమీ లేదు. కానీ ఏ నూనెతో చేసినా సబ్బు సబ్బే.

ఒంటి సబ్బు కొనేటప్పుడు టీఎఫ్ఎం అనే అంకె చూడండి. అది సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం. భారతీయ ప్రమాణాల్లో మొదటి గ్రేడు స్నానపు సబ్బుకు కనీసం 76 శాతం ఉండాలి. బేతింగ్ బార్ అని రాసి ఉంటే అది వేరే తరగతి, అక్కడ 40 శాతమైనా సరిపోతుంది. వేప బొమ్మ, పసుపు బొమ్మ రెంటి మీదా ఒకేలా ఉంటాయి.

నూనెల దగ్గరికి వద్దాం. ఈ నీలం సీసా కొబ్బరినూనె. జాబితాలో ఒకే ఒక్క పదార్థం. దీని మీద జుట్టు అనే మాటే లేదు, వంటనూనెకు ఉండే ఆకుపచ్చ చుక్క ఉంది. దీని వెనక పెద్ద పన్నుల తగాదా నడిచింది. చిన్న సీసాలో పోసినంత మాత్రాన కొబ్బరినూనె తలనూనె అయిపోదని, తలనూనె అని చెప్పి అమ్మితే తప్ప పన్ను లెక్కలో అది వంటనూనేనని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అత్తగారు పోపులో వేసినా, కోడలు తలకు రాసుకున్నా నూనె అదే మరి. వెంట్రుక లోపలికి కొబ్బరినూనె ఇంకుతుందని, ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ నూనె అలా చేయలేదని 2003లో ఆర్తి రేలే, మొహిలే అనే శాస్త్రవేత్తలు ప్రచురించారు. వారు పని చేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీ పరిశోధన విభాగంలోనే. ఆ సంగతి గుర్తుంచుకునే ఆ పరిశోధనను చదవాలి.

ఈ ఆకుపచ్చ సీసా ఉసిరి తలనూనె. మొదటి పేరు లైట్ లిక్విడ్ పారాఫిన్, అంటే ముడిచమురు నుంచి తీసిన ఖనిజ నూనె. దాని వల్ల హాని అని నేను అనను, పైపూతగా వెంట్రుకకు నునుపు ఇస్తుంది. కానీ ఉసిరి ధర పెట్టి పారాఫిన్ కొంటున్నామని తెలిసి కొనాలి. మూడోది ఆయుర్వేద ఔషధం. దీని మీద మూలికలతో పాటు వాటి కొలతలు కూడా ఉన్నాయి. గుంటగలగరాకు ఇన్ని గ్రాములు, ఉసిరి ఇన్ని గ్రాములు, చివర నువ్వులనూనె క్యూఎస్. ఆ రెండు అక్షరాలకు అర్థం సరిపడినంత. రెండు ఆయుర్వేద నూనెలను పక్కపక్కన పెట్టి కొలతలు పోల్చవచ్చు, షాంపూలను అలా పోల్చలేం. అయితే ఒకదాని మీద ఆకు పొడి అని, ఇంకోదాని మీద సారం అని ఉంటే అంకెలు చూసి తొందరపడకండి. గ్రాము సారం తీయడానికి ఎంత ఆకు పట్టిందో వేరే చెప్పాలి.

గోరింటాకు సంగతి గట్టిగా చెప్పాలి. ఆకులో లాసోన్ అనే రంగు ఉంటుంది, అది ఎరుపూ నారింజే ఇస్తుంది. నల్లరంగు ఇవ్వదు. నీలి ఆకు కలిపి రెండు విడతలుగా, గంటల తరబడి పెట్టుకుంటే నలుపుకు దగ్గరగా వస్తుంది. అరగంటలో నల్లగా నిగనిగలాడించే హెర్బల్ మెహందీ పొట్లం దొరికితే వెనక్కి తిప్పి పారాఫినైలిన్‌డైఅమిన్ అనే కృత్రిమ రంగు పదార్థం ఉందేమో వెతకండి. కొందరికి అది తీవ్రమైన అలర్జీ తెస్తుంది, ముఖం వాచి కళ్లు మూసుకుపోయేంత. అది ఉన్న రంగు పొట్లాల మీద ముందుగా చర్మం మీద పరీక్షించుకోవాలన్న హెచ్చరిక ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ ఉండి తీరాలి. చెవి వెనక కొద్దిగా రాసి, పొట్లంలోని సూచనలో చెప్పినన్ని గంటలు ఆగడమే ఆ పరీక్ష. పెళ్లి ముందు రోజు రాత్రి పొట్లం విప్పేవారికి ఆ వ్యవధి ఎక్కడుంటుంది?

చివరిగా మన సున్నిపిండి. ఇది ఎవరో అమ్మ ఇంట్లో చేసి తెచ్చారు, వాసన ఘుమఘుమలాడుతోంది. పెసరపిండి, కస్తూరి పసుపు, కచ్చూరాలు, తుంగముస్తెలు, వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు, బావంచాలు. ఆ ఆఖరిదాని దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది. అది చర్మానికి తగిలి, పైన ఎండ పడితే చర్మం కమిలిపోవచ్చు. బొల్లి మచ్చలకు బావంచాలు వాడి ఎండలో కూర్చోబెట్టిన పాత వైద్యం వెనకున్నదీ ఈ గుణమే. ఇది ఏ కర్మాగారం నుంచీ రాలేదు, గింజలోనే ఉంది. పసిపిల్లకు నలుగు పెట్టి ఎండలో పడుకోబెట్టే అలవాటున్న ఇంట్లో మాత్రం, బావంచాలు తీసేసి మిగిలినవి దంచుకోండి. వాసన ఏమీ తగ్గదు, వట్టివేళ్లు ఉన్నాయిగా.

నా వంతు అయింది. ఇప్పుడు ఒక్కో సీసా తీస్తాను, ఎవరిదో వారు లేచి వెనక వైపు మొదటి అయిదు పేర్లు పైకి చదవాలి. నిల్వ పదార్థం ఎక్కడుందో మిగతావారు వెతకాలి. కళ్లజోడు లేనివారికి నాది ఇస్తాను. ఈ కలబంద గుజ్జు ఎవరిదమ్మా? తొంభై తొమ్మిది శాతం అని రాసి ఉంది, గుజ్జులో మాత్రం చిక్కటి పచ్చరంగు. పెరట్లో కలబంద మట్ట చీల్చి చూసినవారు చెప్పండి, లోపలి గుజ్జు ఏ రంగులో ఉంటుంది?