హవాయి భాషలో మెచ్చుకోలు, మనసులోని మాట

అలొహ కాకొఉ! మనందరికీ అలొహ, అంటే ప్రేమతో నమస్కారం, అని ఈ పలకరింపుకు అర్థం. ఎదుటివారిని కలుపుకొని ‘మనం’ అనడానికి, వారిని విడిచి ‘మేము’ అనడానికి తెలుగులో వలెనే హవాయి భాషలోనూ వేర్వేరు మాటలున్నాయి కనుక, కాకొఉ అంటే మనం, మాకొఉ అంటే మేము అని తెలుగువారు ఇట్టే గ్రహించగలరు.

మెచ్చుకొనే వాక్యంలో గుణాన్ని చెప్పే మాట ముందు వస్తుంది. ‘నని’ అంటే అందమైనది, ‘లెయి’ అంటే మెడలో వేసుకొనే పూలదండ. ‘నని కొఉ లెయి’ అంటే మీ దండ అందంగా ఉంది. ‘ఆయన మంచివాడు’ అన్నప్పుడు తెలుగులో క్రియ లేనట్టే ఇక్కడా క్రియ లేదు. మెప్పును గట్టిగా చెప్పాలంటే ‘నని నో’ అనాలి.

ఇప్పుడు తెరపై ఉన్న రెండు మాటలను నిదానంగా చూడండి: కొఉ, కొ’ఉ. రెండవ దానిలోని గుర్తు పేరు ’ఒకిన. అది అలంకారం కాదు, పూర్తి హల్లు. గొంతును క్షణం మూసి వదిలితే ఆ ధ్వని వస్తుంది. కొఉ అంటే మీ, కొ’ఉ అంటే నా. ఆ చిన్న విరుపు పొరపాటున పడితే, ఎదుటివారి దండను పొగడబోయి మన దండనే పొగుడుకున్నవారమవుతాము. అందుకే ఈ రెండింటినీ నాతోపాటు పైకి పలకండి: కొఉ... కొ’ఉ.

‘మీ’ అనడానికి మరో రూపం కూడా ఉంది. తల్లిదండ్రులు, ఇల్లు, ఒంటిమీది బట్టలు వంటివాటికి కొఉ. మనిషి చేసిన పనికి, వంటకు, కన్న పిల్లలకు కాఉ. కాబట్టి భోజనం పెట్టినవారితో ‘’ఒనొ కాఉ మెఅ’ఐ’, అంటే మీ వంట రుచిగా ఉంది, అంటాము. పని బాగా చేసినవారితో ‘మైక’ఇ కాఉ హన’, అంటే మీ పని బాగుంది, అంటాము. ఒక్కరితో మాట్లాడేటప్పుడు నువ్వు, మీరు అన్న భేదం లేదు; పెద్దలకైనా పిల్లలకైనా ‘’ఒయె’ చాలు. మెప్పు అందుకున్నవారు ‘మహలొ’, అంటే ధన్యవాదాలు, అని చెబితే సరిపోతుంది.

హవాయి దీవులలో 1896 నాటి చట్టం బడులలో బోధనను ఇంగ్లీషుకు మార్చడంతో, తరగతి గదిలో ఈ భాష వినబడని తరాలు పెరిగాయి. 1978లో రాజ్యాంగ సవరణ దీనికి అమెరికాలోని హవాయి రాష్ట్ర అధికార భాష హోదా ఇచ్చింది. 1984లో కవాయి దీవిలోని కెకహలో, పసిపిల్లలకు హవాయి భాషలోనే చెప్పే తొలి పూనన లెయొ బడి మొదలైంది. ‘అకమై నో ’ఒయె’, నువ్వు చాలా తెలివైనదానివి, అని ఒక పసిపాపతో ఆ భాషలోనే అనగలగడం ఎంత విలువైనదో ఈ చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది.

ఇక మన మనసు సంగతి. ‘హౌ’ఒలి ఔ’ అంటే నేను సంతోషంగా ఉన్నాను. ‘కౌమహ ఔ’ అంటే నాకు విచారంగా ఉంది; బరువైనది అనడానికీ కౌమహ అనే అంటారు. ‘అలొహ ఔ ఇఆ ’ఒయె’ అంటే నిన్ను ప్రేమిస్తున్నాను. ఎవరైనా తమ కష్టం చెప్పుకున్నప్పుడు మాత్రం పొడవైన వాక్యం వెతకనక్కరలేదు, ‘అలొహ ’ఇనొ’ అనండి. అయ్యో పాపం అన్న జాలి అంతా అందులోనే పలుకుతుంది.