రంభలో దిగాం

శ్రోతలకు నమస్కారం.

చెన్నై నుంచి హౌరా వెళ్ళే లైనులో ఎప్పుడైనా ప్రయాణం చేసిన తెలుగువాళ్ళకి ఒడిశాలోని చిలికా సరస్సు కొత్త కాదు. బరంపురం, ఛత్రపురం దాటి, రంభకీ బాలుగావ్‌కీ మధ్యకి వచ్చేసరికి నీళ్ళు పట్టాల పక్కకే వచ్చేస్తాయి. పెట్టెలో ఎవరో ఒకరు "అదిగో చిల్కా" అంటారు. అందరం కుడివైపు కిటికీల దగ్గరికి చేరతాం. పది నిమిషాలు చూస్తాం. తర్వాత పులిహోర పొట్లం విప్పుకుంటాం.

నేను బరంపురంలోనే పుట్టి పెరిగినవాణ్ణి. ఆఫీసు పని మీద భువనేశ్వరానికి ముప్ఫై ఏళ్ళు ఈ నీళ్ళ పక్క నుంచే తిరిగాను. ఒక్కసారీ దిగలేదు. ఇంటికి 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో ఒక రాత్రి పడుకుని రావడానికి రిటైరయ్యేదాకా కుదరలేదంటే నమ్ముతారా? కుదరకపోవడమేమీ లేదు. దగ్గర ఊరంటే మనకి చులకన, అంతే.

మొన్న శివరాత్రి వెళ్ళి చలి తగ్గాక, ఒక శనివారం పొద్దున్నే మా ఆవిడా నేనూ బస్సెక్కాం. రంభకి వెళ్తున్నానని చెబితే స్నేహితులు అదోలా నవ్వారు. ఊరి పేరే అంత, నేనేం చెయ్యను! బయల్దేరేముందు విశాఖపట్నం నుంచి మా బావమరిది ఫోన్ చేసి చూడవలసినవన్నీ రాయించాడు. కాళిజాయి గుడి, నలబన పక్షులు, సాతపడా డాల్ఫిన్లు, ఇంకా ఏవేవో దీవులు. మొత్తం తొమ్మిది. "బావగారూ, రెండు రోజుల్లో అన్నీ అయిపోతాయి" అన్నాడు. ఆ కాగితం జేబులో పెట్టుకున్నప్పటినుంచీ నాకు ఆఫీసుకి వెళ్తున్నట్టే టెన్షన్.

రంభ గంజాం జిల్లాలో, సరస్సు దక్షిణపు కొసన ఉంటుంది. చిన్న బజారు, ఒక స్టేషను, ఒడ్డున పంథనివాస్ అనే సర్కారు వారి బస. ఊరి వెనక కొండలు, ముందు నీళ్ళు. మధ్యాహ్నం భోంచేసి, పడవలు ఆగే రేవుకి వెళ్ళి, కాళిజాయికి ఎంతవుతుందని అడిగాను. పడవతను నా మాట వినడం లేదు, నీళ్ళకేసి చూస్తున్నాడు. "గాలి లేచింది బాబూ. ఇప్పుడు అంత దూరం వద్దు" అన్నాడు, తెలుగులోనే. ఇచ్ఛాపురం, పలాస వాళ్ళని తిప్పీ తిప్పీ నేర్చుకున్నాడట.

నాకు కోపం వచ్చింది. ఎండ కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు, గాలేమిటి? అతను విసుక్కోకుండా చెప్పాడు. ఫాల్గుణం వచ్చిందంటే మధ్యాహ్నం నుంచి దక్షిణపు గాలి పడుతుంది. ఒడ్డున మనకి హాయిగానే ఉంటుంది. నడి సరస్సులో మాత్రం అలలు లేచి పడవని పక్కకి తోసేస్తాయి. వెళ్ళేవాళ్ళు తెల్లారగట్లే వెళ్ళి, ఎండ ముదిరేలోపు తిరిగి రావాలి.

"కాళిజాయి కథ తెలుసు కదా?" అని మా ఆవిణ్ణి అడిగాడు. జాయి అనే పిల్లని అత్తవారింటికి పంపడానికి తండ్రి పడవెక్కించాడు. దారిలో గాలివాన పట్టింది. పడవ తిరగబడింది. అందరూ బయటపడ్డారు, పెళ్ళికూతురు ఒక్కతే దొరకలేదు. ఆ దీవి మీదే తర్వాత ఆమెని అమ్మవారిగా కొలిచారు. మకర సంక్రాంతికి అక్కడ జాతర జరుగుతుంది. ఈ కథ నేను చిన్నప్పుడు విన్నదే. కానీ గాలికి భయపడే మనిషి నోట విన్నప్పుడే అర్థమైంది, గాలినీ నీటినీ నమ్మొద్దని పడవవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే మాట ఇది. ఇంక నేను బేరమాడలేదు.

కాగితంలో మొదటిది అలా కొట్టుకుపోయింది. మరి ఏం చెయ్యాలి? రేవు పక్కనే ఇద్దరు ఆడవాళ్ళు పీతలు అమ్ముతున్నారు. డెక్కలు తాడుతో బిగించి కట్టి, తడి గోనె మీద వరసగా పేర్చారు. మా ఆవిడ అక్కడే కూలబడింది. ఒడియాలో కొంత, తెలుగులో కొంత, చేతులతో మిగతా. అరగంటలో పీత శాస్త్రం మొత్తం వచ్చేసింది. పీతని వెల్లకిలా తిప్పాలి. పొట్ట మీద మూత సన్నగా, కోసుగా ఉంటే మగది. వెడల్పుగా ఉంటే ఆడది. చేతిలో బరువుగా తూగాలి. డొప్పని వేలితో నొక్కితే దిగకూడదు. దిగిందంటే కొత్తగా డొప్ప మార్చుకున్నదన్నమాట, లోపల కండ బదులు నీళ్ళే ఉంటాయి. ముప్ఫై ఏళ్ళుగా బరంపురం బజార్లో నేను తెచ్చిన పీతల మీద ఆవిడకున్న అనుమానాలన్నీ అక్కడే రుజువయ్యాయి.

ఆ పీతలకో కథ ఉంది. చిలికా మంచినీళ్ళ చెరువు కాదు. ఉత్తరం నుంచి మహానది పాయల నీళ్ళు వస్తాయి, తూర్పున ముఖద్వారం గుండా సముద్రం వస్తుంది. వానాకాలం తియ్యబడుతుంది, ఎండాకాలం ఉప్పెక్కుతుంది. పీతల పిల్లలూ రొయ్య పిల్లలూ సముద్రం నుంచే లోపలికి రావాలి. ఆ ముఖద్వారం ఇసుక మేటవేసి పూడిపోవడంతో, 1990ల చివరికి సరస్సులో చేపలూ రొయ్యలూ పీతలూ కలిపి పట్టుబడి ఏడాదికి 2 వేల టన్నుల లోపుకి పడిపోయింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. రెండేళ్ళు తిరిగేసరికి పట్టుబడి 10 వేల టన్నులు దాటింది. తలుపు తెరిస్తే పిల్లలు ఇంటికి వచ్చినట్టు. అంతకుముందు 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కిన చిలికా, 2002లో అందులోంచి బయటపడింది. ఘేరీలనే వలకట్ల మీద, రొయ్యల పెంపకం మీద గొడవలు మాత్రం ఈ ఒడ్డున ఆగలేదు. ఆ మాటెత్తితే పీతలమ్మే ఆవిడ కూడా గొంతు తగ్గించింది.

కొన్న పీతలని దగ్గర్లోని చిన్న హోటలువాళ్ళు వండిపెట్టారు. ఆవ నూరి, వెల్లుల్లి దంచి, నీళ్ళనీళ్ళగా. మనం మసాలా దట్టించి పీత రుచి చంపేస్తాం. నా అభిప్రాయం ఇది, మా ఆవిడది కాదు.

ఆదివారం తెల్లారగట్ల గాలి లేదు. అదే పడవతను వచ్చాడు. దూరం వద్దు, దగ్గర్లోనే తిప్పమన్నాను. దక్షిణ భాగంలో సరస్సు లోతెక్కువ, నాచు తక్కువ. నీళ్ళలోంచి రాతి గుట్టలు లేస్తాయి. అలాంటి ఒక బండ మీద చిన్న గది, దాని మీద కోసుగా ఒక స్తంభం. పైన దీపం పెట్టడానికట. కట్టించింది స్నాడ్‌గ్రాస్ అనే ఈస్టిండియా కంపెనీ కలెక్టరు, 18వ శతాబ్దం చివర్లో. రంభలో సరస్సు ఒడ్డున ఉన్న పెద్ద మేడ కూడా ఆయన కట్టించిందే, తర్వాత ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. జిల్లా పని గాలికి వదిలేసి ఆయన ఇక్కడే కాలక్షేపం చేసేవాడనీ, కంపెనీ ఉద్యోగం తీసేస్తే లండన్‌లో కంపెనీ ఆఫీసు ముందు వీధి ఊడ్చి పెన్షన్ రాబట్టుకున్నాడనీ ఒక కథ ఉంది. పెన్షనరుని కాబట్టి నాకు ఈ కథ బాగా నచ్చింది. ఆ నీళ్ళ మధ్య కూర్చుంటే, ఫైళ్ళు పక్కన పెట్టడం ఎంత తేలికో కూడా తెలిసింది.

డాల్ఫిన్ల కోసం మాత్రం రంభకి రాకండి. అవి ఎక్కువగా కనబడేది ముఖద్వారం వైపు, సాతపడా దగ్గర. పక్షులు కావాలంటే సంక్రాంతికి అటూఇటూ రావాలి. ఆ రోజుల్లో సరస్సు మొత్తం మీద వలస పక్షులు లక్షల్లో ఉంటాయి. మేం వెళ్ళేసరికి చాలా మటుకు తిరుగుముఖం పట్టేశాయి. వెనకబడిన బాతుల గుంపు ఒకటి కనబడింది. పడవతను ఇంజను ఆపేశాడు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

సాయంత్రానికి ఇల్లు చేరాం. రాత్రి మా బావమరిది ఫోన్.

"బావగారూ, కాళిజాయి చూశారా?"

"లేదు."

"డాల్ఫిన్లు?"

"లేదు."

"నలబన?"

"లేదయ్యా."

"మరి రెండు రోజులు ఏం చేశారు?"

ఫోన్ మా ఆవిడ లాక్కుంది. "పీతలు తిరగేసి చూశాం" అంది.