ఇంటింటికీ తిరిగి ఒప్పించిన టీచర్లు: త్సుషిమా మారు ఓడ కథ

[తెర మీద: జపాన్ మ్యాపు. క్యూషూ దీవి నుంచి కిందికి జరుగుతూ ఒకినావా దగ్గర ఆగాలి.]

యుద్ధ సమయంలో పిల్లల్ని ఊరు దాటించడం అనగానే అందరూ 1939 నాటి లండన్ గురించే చెబుతారు. కోటుకి పేరు చీటీ, భుజాన గ్యాస్ మాస్కు డబ్బా, రైలెక్కుతున్న పిల్లలు. ఆ కథ చాలాసార్లు విన్నాం. ఈసారి జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవికి వెళ్దాం. అక్కడ పిల్లల్ని పంపమని తల్లిదండ్రుల్ని ఒప్పించే పని బడి టీచర్ల నెత్తిన పడింది. ఆ తర్వాత జరిగినదానికి జనానికి మొహం చూపించాల్సిందీ వాళ్లే అయ్యారు.

1944 జులైలో, పసిఫిక్ సముద్రంలో జపాన్ చేతిలో ఉన్న సైపాన్ దీవి అమెరికా చేతికి చిక్కింది. ఇక వంతు ఒకినావాదేనని టోక్యోకి అర్థమైంది. వృద్ధులు, ఆడవాళ్లు, పిల్లలు కలిపి లక్ష మందిని పంపెయ్యాలని నిర్ణయించారు: 80 వేల మందిని క్యూషూ వైపు, 20 వేల మందిని తైవాన్‌కి. ఇదంతా జాలితోనే అనుకోకండి. దీవిలోకి సైన్యం దిగుతోంది, తిండి చాలదు, కాబట్టి యుద్ధానికి పనికిరాని జనం తగ్గాలి. అన్నట్టు, 1942 ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడల మీద బాంబులేసిన జపానే ఇది. రెండేళ్లు తిరిగేసరికి తన పిల్లల్ని దాచుకునే చోటు వెతుక్కుంటోంది.

[తెర మీద: ఒకినావా పల్లె ఇంటి పాత ఫొటో. సంగీతం వద్దు.]

పిల్లలకైతే సంబరమే. ఎన్నడూ చూడని మంచు చూడొచ్చు, పెద్ద ఊళ్లు చూడొచ్చు, పైగా స్నేహితులంతా కలిసే వెళ్తున్నారు. భయమంతా తల్లులది. జూన్ చివర్లోనే సైనికులతో వస్తున్న తోయామా మారు అనే ఓడ మునిగి వేల మంది పోయారు. ప్రభుత్వం దాచినా అలాంటి కబుర్లు ఆగుతాయా? సముద్రంలో అమెరికా జలాంతర్గాములు తిరుగుతున్నాయని ఊరూరా గుసగుసలు.

అధికారి చెబితే నమ్మని తల్లి, తన పిల్లాడికి అక్షరాలు నేర్పిన టీచరు గుమ్మంలోకి వచ్చి చెబితే వింటుంది. ప్రభుత్వం వాడుకున్నది సరిగ్గా ఆ నమ్మకాన్నే. యుద్ధనౌకలో తీసుకెళ్తారని చాలామంది తల్లిదండ్రులకి చెప్పారు. ఆ మాట చెప్పిన టీచర్లకి మాత్రం నిజం ఏం తెలుసు? పై నుంచి వచ్చిన మాటే వాళ్ల నోటి నుంచి వెళ్లింది. కాదనే వీలు ఆ రోజుల్లో బడి పంతులికి ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

ఆగస్టు 21న నహా రేవులో ఎదురుగా కనిపించింది యుద్ధనౌక కాదు. 1914లో కట్టిన సరుకు రవాణా ఓడ, త్సుషిమా మారు. అంతకు ముందే సైనికుల్ని తెచ్చి ఒకినావాలో దింపింది. సరుకు నింపే అడుగు భాగంలో చెక్కలతో అరలు కట్టి, ఆ ఉక్కలోనే పిల్లల్ని పడుకోబెట్టారు. సిబ్బందితో కలిపి సుమారు 1,800 మంది.

[తెర మీద: చీకటి సముద్రం. మ్యాపులో అకుసెకి దీవి దగ్గర ఎర్ర చుక్క.]

మర్నాడు రాత్రి 10 దాటాక బౌఫిన్ అనే అమెరికా జలాంతర్గామి వదిలిన టార్పెడోలు తగిలాయి. దాదాపు పది నిమిషాల్లో ఓడ మునిగిపోయింది. కిందున్నవాళ్లలో చాలామందికి పైకి వచ్చే వ్యవధే దొరకలేదు. పైన తుపాను గాలి. వెంట ఉన్న రక్షక నౌకలు ఆగకుండా వెళ్లిపోయాయి. తెప్పలు పట్టుకుని రోజుల తరబడి తేలినవాళ్లున్నారు. పేర్లు తెలిసిన మృతులు 1,480 మందికి పైగా, వాళ్లలో దాదాపు 780 మంది బడి పిల్లలు. ఒడ్డు చేరిన బడి పిల్లలు 59 మంది.

నన్ను ఎక్కువ కలచివేసేది ఆ తర్వాతి భాగం. బతికినవాళ్లని నోరు మెదపొద్దన్నారు. ఓడ మునిగిందన్న సంగతి సైనిక రహస్యం. ఇంటి దగ్గర తల్లులు ఉత్తరం కోసం ఎదురుచూశారు. వేరే ఓడలో వెళ్లిన పిల్లల దగ్గర్నుంచి వచ్చాయి, వీళ్ల దగ్గర్నుంచి రాలేదు. అలా అనుమానం మొదలై, టీచర్లని అడగడం మొదలైంది. బతికిన టీచరుకి జవాబు తెలుసు, చెప్పకూడదు. తను ఒప్పించి తీసుకెళ్లిన పిల్లలు పోయి, తను మిగలడమనే బరువు యుద్ధం అయిపోయాక కూడా దిగలేదు. కొందరు దశాబ్దాల పాటు దీని గురించి మాట్లాడనే లేదు.

అయితే టీచర్లు చెప్పింది తప్పని కూడా అనలేం. త్సుషిమా మారుతో పాటే జనాన్ని ఎక్కించుకుని, అదే రాత్రి పక్కనే సాగిన మిగతా రెండు ఓడలు క్యూషూలోని నాగసాకి చేరాయి. మొత్తం మీద 5,000 మందికి పైగా ఒకినావా బడి పిల్లలు క్యూషూలో తలదాచుకున్నారు. చలి, ఆకలి, పేలు, ఇంటి బెంగ. టీచర్లే అమ్మా నాన్నా అయ్యి, రైతుల దగ్గరికి వెళ్లి దుంపలు అడిగి తెచ్చి పెట్టారు. 1945 వసంతంలో ఒకినావా మీద యుద్ధం విరుచుకుపడింది, అక్కడి జనంలో నలుగురికి ఒకరు చనిపోయారని అంచనా. ఇప్పుడు ఉత్తరాలు ఆగింది అటు నుంచి. 1946లో తిరిగి వెళ్లిన పిల్లల్లో చాలామందికి ఇల్లూ లేదు, కన్నవాళ్లూ లేరు. పంపనని టీచర్ని వెనక్కి పంపిన ఇళ్లలో కొన్ని పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి.

[తెర మీద: నహాలోని మ్యూజియం, తర్వాత పెర్ల్ హార్బర్‌లో బౌఫిన్.]

ఓడ శకలాలు 1997లో దొరికాయి, దాదాపు 870 మీటర్ల లోతున. నహాలో 2004లో త్సుషిమా మారు స్మారక మ్యూజియం తెరిచారు. పిల్లల ఫొటోలు గోడ నిండా ఉంటాయి, కానీ అందరివీ లేవు. బౌఫిన్ కూడా ఇప్పుడు మ్యూజియమే, హవాయిలో ఉంది. ఆ ఓడలో పిల్లలున్నారని అప్పట్లో దాని సిబ్బందికి తెలియదు. అమెరికాలో ఉన్న మనవాళ్లెవరైనా హవాయి వెళ్తే టికెట్ కొని లోపలికి దిగి చూడొచ్చు.