ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక
(చెన్నైలో తెలుగు కుటుంబాల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అందులో దాదాపు మూడో వంతుకు కారణం కుటుంబ సమస్యలని రాశారు. ఫారంలో కారణం రాయడానికి గడి ఒక్కటే, కారణాలు మాత్రం ఒక్కటి కాదు. అప్పు, తాగుడు, డిప్రెషన్, ఇంట్లో గొడవలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఇక మన పేపర్లలో "కడుపునొప్పి తాళలేక" అని ఎన్నిసార్లు చదివామో! ఆ నొప్పి చాటున ఏముందో వీధంతా ఎరిగినా ఎవరూ నోరు విప్పరు.

ప్రయత్నం చేసి బతికి బయటపడ్డవారి గురించే ఇవాళ ఎక్కువ చెబుతాను. వారికి మళ్లీ ప్రమాదం చాలా ఎక్కువ, అందులోనూ డిశ్చార్జి తర్వాతి తొలి వారాల్లో. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, ఆత్మహత్యా ప్రయత్నం చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందితో ఒక అధ్యయనం చేసింది. చెన్నై అందులో ఒక కేంద్రం. ఫలితాలు 2008లో వచ్చాయి. సుమారు సగం మందికి మామూలు వైద్యం చేశారు. మిగతావారితో అదనంగా డిశ్చార్జి సమయంలో గంటసేపు మాట్లాడారు, తర్వాత ఫోన్లోనో ఇంటికెళ్లో తొమ్మిదిసార్లు పలకరించారు: 1, 2, 4, 7, 11 వారాలకు, ఆపైన 4, 6, 12, 18 నెలలకు. ఏడాదిన్నరలో మొదటి గుంపులో 2.2 శాతం మంది ఆత్మహత్యతో పోతే, రెండో గుంపులో 0.2 శాతం. తర్వాతి అధ్యయనాల్లో అన్నిచోట్లా ఇంత తేడా రాలేదు, నిజమే. అయినా ఆ తేదీలు క్యాలెండర్లో రాసుకోవడానికి ఖర్చేముంది? పిన్నో బాబాయో, ఒకరు బాధ్యత తీసుకుంటే చాలు.

మన ఇళ్లలో ఇది ఎక్కడ చెడుతుందంటే, క్యాజువాల్టీలోనే. పోలీసు కేసవుతుందని "పొరపాటున జరిగింది డాక్టర్" అంటారు. దాంతో మానసిక వైద్యుణ్ణి పిలవాల్సిన అవసరమే కనబడదు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్, ఆత్మహత్యా ప్రయత్నం చేసినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించి శిక్షించకూడదంటుంది. పోలీసులు వివరాలు రాసుకోవచ్చు, భయపడి అబద్ధం చెప్పకండి. రెండో అడ్డంకి "కీల్పాక్" అన్న ఎత్తిపొడుపు, అంటే ఇక్కడి మానసిక ఆసుపత్రి ఉన్న పేట పేరు. ఆ మాటకు జడిసి చికిత్స మానేసిన ఇళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు.

ఇంటికొచ్చాక మందులన్నీ ఒకరి దగ్గర తాళంలో ఉండాలి. వారానికి సరిపడానే రాయమని డాక్టర్‌ను అడగండి. డిప్రెషన్ మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పది రోజులకే "గుణం లేదు" అని ఆపేయడం పెద్ద తప్పు. శాంతి పూజలు చేయించుకోండి, మాత్ర మాత్రం ఆపకండి.

"మా పరువు తీశావు కదరా" అనకండి. "నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, పరిశోధనలు తేల్చిన సంగతే ఇది. అవునంటే వాదించకుండా వినండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆత్మహత్యల నివారణకు ఇక్కడే 1986 నుంచి పనిచేస్తున్న స్నేహ సంస్థ నంబరు 044-24640050. ఈ రెండూ ఇప్పుడే ఫోన్లో ఎక్కించుకోండి, తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను.