ఇంటికి బ్లూరే ప్లేయర్ కొనేముందు డిస్కుల అలమరా చూసుకోండి

[తెరపై: బల్ల మీద మూడు డిస్కుల పెట్టెలు. ఒకటి డీవీడీ, ఒకటి నీలం పెట్టెలో మామూలు బ్లూరే, ఒకటి నల్ల పెట్టెలో 4కె బ్లూరే.]

నమస్కారం. బ్లూరే ప్లేయర్ కొనాలనుకునేవారు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ఏ కంపెనీది మంచిదని. నా అభిప్రాయంలో అది రెండో ప్రశ్న కావాలి. మీ దగ్గర ఇప్పటికే ఏ డిస్కులున్నాయి, ఇకమీదట వాటిని ఏ దేశం నుంచి తెప్పించుకుంటారు అన్నది ముందుగా తేల్చుకుంటే, ఏ ప్లేయర్‌కి ఎంత ఖర్చు పెట్టవచ్చన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది. అది తేల్చుకోకుండా కొన్నవారి ఇళ్ళలో ఖరీదైన ప్లేయర్ ఉంటుంది, కానీ అందులో డిస్కు పెడితే తెర మీద రీజియన్, అంటే డిస్కు ఆడేందుకు అనుమతించిన ప్రాంతం, సరిపోలేదన్న సందేశమే కనిపిస్తుంది.

ఓటీటీలు ఉండగా ఇంకా డిస్కు ఎందుకన్న సందేహానికి క్లుప్తంగా జవాబు చెప్పి ముందుకు వెళ్దాం. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్రని లేజర్ కాగా, బ్లూరేని చదివేది 405 నానోమీటర్ల నీలి ఊదా లేజర్. తరంగదైర్ఘ్యం తగ్గడం వల్ల అదే పరిమాణం గల డిస్కు మీద మరింత సన్నని గుర్తులు పడతాయి. అందువల్లనే రెండు పొరల డీవీడీలో 8.5 గిగాబైట్లు పడితే రెండు పొరల బ్లూరేలో 50 గిగాబైట్లు, మూడు పొరల 4కె బ్లూరేలో 100 గిగాబైట్లు పడతాయి. నెట్‌ఫ్లిక్స్ తన 4కె ప్రసారానికి సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్ వేగం ఉంటే చాలంటుంది. 4కె డిస్కు నుంచి సెకనుకు 100 మెగాబిట్లకు పైగా సమాచారం రాగలదు. ఈ తేడా పట్టపగటి సన్నివేశాల్లో అంతగా తెలియకపోవచ్చు గానీ, వాన, పొగమంచు, చీకట్లో దీపం చుట్టూ పలచబడే వెలుగు వంటి చోట్ల కంటికి స్పష్టంగా కనిపిస్తుంది.

[తెరపై: డిస్కు పెట్టె వెనుక అట్ట. కింది మూలన ఉన్న షడ్భుజి గుర్తు దగ్గరగా.]

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. మామూలు బ్లూరే డిస్కులకు ప్రపంచాన్ని మూడు రీజియన్లుగా విభజించారు. అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఆగ్నేయాసియా దేశాలు ఎ రీజియన్‌లోకి వస్తాయి. ఐరోపాలో అధికభాగం, ఆఫ్రికా, ఆస్ట్రేలియా బి రీజియన్‌లోకి వస్తాయి. మన దేశం చైనా, రష్యాలతో కలిసి సి రీజియన్‌లో ఉంది. డీవీడీలకు ఇంతకంటే పాత విభజన ఒకటి వేరుగా ఉంది. అందులో అమెరికాది 1వ రీజియన్, మనది 5వది. డిస్కు పెట్టె వెనుక షడ్భుజిలో అక్షరం ఉంటే అది బ్లూరే రీజియన్, భూగోళం బొమ్మ మీద అంకె ఉంటే అది డీవీడీ రీజియన్. చాలా బ్లూరే డిస్కులు మూడు రీజియన్లలోనూ ఆడేలా తయారవుతాయి కాబట్టి ఎ అక్షరం కనిపించగానే నిరాశపడనక్కర లేదు. ఎ, బి, సి మూడూ ఉన్నాయేమో చూడండి.

అమెరికాలో ఉన్న అబ్బాయో మేనకోడలో సెలవులకు వస్తుంటే, అక్కడ చవక కదా, ఒక ప్లేయర్ తెమ్మని చెప్పడం మన ఇళ్ళలో మామూలే. అలా వచ్చిన ప్లేయర్ బ్లూరేలో ఎ రీజియన్‌కి, డీవీడీలో 1వ రీజియన్‌కి కట్టుబడి ఉంటుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో కొన్న హాలీవుడ్ డీవీడీల మీద 5 అంకె ఉంటే అవి అందులో ఆడవు. తెలుగు సినిమాల డీవీడీలు చాలావరకు రీజియన్ కట్టుబాటు లేకుండా వచ్చాయి కాబట్టి వాటితో ఇబ్బంది తక్కువ. అయితే అమెరికాలో అమ్మే ప్లేయర్లు కొన్ని పాల్ పద్ధతిలో, అంటే మన దేశంలో వాడుకలో ఉన్న టీవీ చిత్ర పద్ధతిలో, ముద్రించిన డీవీడీలను తీసుకోవు. దీనికి తోడు కరెంటు సంగతి ఉంది. ప్లేయర్ వెనుక ఉన్న చిన్న అచ్చును చదవండి. అక్కడ 100–240 వోల్టులని ఉంటే ప్లగ్ మార్చుకుంటే సరిపోతుంది. 120 వోల్టులని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టిన క్షణమే అందులోని విద్యుత్ సరఫరా భాగం కాలిపోతుంది. కన్వర్టర్ కొని దాని మీద నడపవచ్చు గానీ, అప్పుడు మిగిలిందనుకున్న డబ్బులో కొంత అక్కడే కరిగిపోతుంది.

రీజియన్ విప్పేశామని చెప్పి అమ్మే ప్లేయర్లు కూడా దొరుకుతాయి. డీవీడీ రీజియన్‌ను కొన్ని మోడళ్ళలో రిమోట్ మీద అంకెల వరుస నొక్కి విప్పవచ్చు. బ్లూరే రీజియన్‌కి మాత్రం సాధారణంగా లోపల మార్పు చేయాల్సి వస్తుంది, దానితో కంపెనీ వారంటీ పోతుంది. అమ్మినవాడే రెండేళ్ళపాటు బాగుచేసి ఇస్తానని రాతపూర్వకంగా చెబితే తప్ప నేను ఆ దారి సూచించను.

[తెరపై: నల్ల పెట్టె తెరుస్తారు. లోపల రెండు డిస్కులు.]

4కె బ్లూరే డిస్కులకు ఈ బాధ లేదు. వాటికి రీజియన్ కట్టుబాటు లేదు కాబట్టి టోక్యోలో కొన్నది తెనాలిలోనూ ఆడుతుంది. అందుకే విదేశాల నుంచి డిస్కులు తెప్పించుకునేవారు, ఇంట్లో ఇంకా ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్నా సరే, 4కె ప్లేయర్ కొనడమే మేలు. అది 4కె చిత్రాన్ని పాత టీవీకి తగ్గట్టు కుదించి పంపుతుంది. రేపు టీవీ మార్చినప్పుడు ప్లేయర్‌ని మార్చనక్కర లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. 4కె పెట్టెలో తోడుగా వచ్చే మామూలు బ్లూరే డిస్కుకు రీజియన్ ఉండవచ్చు, అదనపు దృశ్యాలూ ఇంటర్వ్యూలూ తరచుగా ఆ రెండో డిస్కులోనే ఉంటాయి. జపాన్‌లో విడుదలైన తెలుగు సినిమాల డిస్కులు తెప్పించుకునే అభిమానులు కూడా రీజియన్‌తో పాటు సబ్‌టైటిళ్ళ వరుసను చూసుకోవాలి. వాటిలో చాలావాటికి జపనీస్ తప్ప వేరే భాష ఉండదు.

ఇక టీవీతో పొత్తు. వెలుగు నీడల తేడాను మరింతగా చూపే పద్ధతిని హెచ్‌డీఆర్ అంటారు. అది ఉన్న 4కె డిస్కులన్నిటిలోనూ దాని మూల రూపమైన హెచ్‌డీఆర్10 తప్పనిసరిగా ఉంటుంది. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ అన్న మెరుగైన రకాలు కొన్ని డిస్కుల్లో అదనంగా ఉంటాయి. మీ టీవీ వాటిలో దేన్ని అర్థం చేసుకుంటుందో దానికే డబ్బు పెట్టండి. సామ్‌సంగ్ టీవీలు డాల్బీ విజన్‌ను తీసుకోవు కాబట్టి, ఆ టీవీ ఉన్న ఇంటికి డాల్బీ విజన్ కోసమని ఖరీదైన ప్లేయర్ కొనడం వృథా.

[తెరపై: రెండు ప్లేయర్లు పక్కపక్కన. ఒకటి చిన్నది, మరొకటి వెడల్పైనది.]

ఇప్పుడు కంపెనీల ప్రశ్నకు వద్దాం. 2006లో సామ్‌సంగ్ తెచ్చిన తొలి ప్లేయర్ ధర అమెరికాలో దాదాపు 1000 డాలర్లు. 2008 ఫిబ్రవరిలో తోషిబా పోటీ పద్ధతి అయిన హెచ్‌డీ డీవీడీని వదిలేశాక ధరలు దిగివచ్చాయి, కంపెనీలు బారులు తీరాయి. ఆ తరువాత ఒక్కొక్కటే తప్పుకున్నాయి. సినీప్రియులు నెత్తిన పెట్టుకున్న ఒప్పో 2018లో, సామ్‌సంగ్ 2019లో, ఎల్‌జీ 2024 చివర్లో ఈ వ్యాపారం నుంచి వెళ్ళిపోయాయి. పెద్ద కంపెనీల్లో ప్రధానంగా మిగిలినవి సోనీ, పానసోనిక్.

కంపెనీ తప్పుకుంటే కొనేవారికి వచ్చే నష్టమేమిటో వివరిస్తాను. బ్లూరే డిస్కుల మీద నకళ్ళు తీయకుండా ఏఏసీఎస్ అనే తాళం ఉంటుంది. కొత్త డిస్కులకు ఆ తాళాన్ని ఎప్పటికప్పుడు మారుస్తుంటారు, దాన్ని తెరవగల తాళంచెవి ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ని లోపల నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ద్వారా ప్లేయర్‌కి చేరుతుంది. అప్‌డేట్లు ఆగిపోయిన ప్లేయర్ పాత డిస్కులను చక్కగానే ఆడిస్తూ, ఏదో ఒక రోజు కొత్త డిస్కును నిరాకరించవచ్చు. కాబట్టి గోదాములో మిగిలిన పాత సరుకు సగం ధరకు వచ్చినా, ఆ మోడల్‌కి చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో కంపెనీ వెబ్‌సైట్‌లో చూశాకే బేరమాడండి.

మీ దగ్గరున్నవి డీవీడీలు, మామూలు బ్లూరేలు మాత్రమే అయి, 4కె డిస్కులు కొనే ఉద్దేశం లేకపోతే సోనీ బీడీపీ-ఎస్6700 వంటి చిన్న ప్లేయర్ చాలు. 4కె కావాలంటే పోటీ ప్రధానంగా సోనీ యూబీపీ-ఎక్స్700కీ పానసోనిక్ డీపీ-యూబీ820కీ మధ్య. రెండూ 2018లో వచ్చిన నమూనాలే. అప్పట్లో అమెరికాలో మొదటిది సుమారు 200 డాలర్లు, రెండోది సుమారు 500 డాలర్లు. ఆ 300 డాలర్ల తేడాకు వచ్చేదేమిటని చూస్తే, పానసోనిక్‌లో డాల్బీ విజన్‌తో పాటు హెచ్‌డీఆర్10 ప్లస్ కూడా ఉంది, పాత రిసీవర్లకు, అంటే స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్లకు, పనికొచ్చే 7.1 అనలాగ్ ఆడియో సాకెట్లున్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, డిస్కులోని వెలుగును మీ తెర సామర్థ్యానికి తగ్గట్టు సర్దే సదుపాయం ఉంది. ప్రొజెక్టర్ ఉన్నవారికి, వెలుగు తక్కువగా ఉండే చవక 4కె టీవీ ఉన్నవారికి ఆ చివరిదొక్కటే డబ్బుకు తగ్గ విలువ ఇస్తుంది. మిగతావారు సోనీతో నిశ్చింతగా ఉండవచ్చు, పైగా అది ఎస్ఏసీడీ సంగీత డిస్కులను కూడా ఆడిస్తుంది. పానసోనిక్ వాటిని ఆడించదు. అయితే సోనీలో డాల్బీ విజన్‌ను డిస్కును బట్టి మీరే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వేయాలి, తీయాలి. వేసి మరచిపోతే మామూలు హెచ్‌డీఆర్ డిస్కుల రంగులు తేడాగా కనిపిస్తాయి. ఈ లోపాన్ని కంపెనీ ఇన్నేళ్ళుగా ఎందుకు వదిలేసిందో నాకైతే అంతుపట్టదు.

ప్లేయర్‌లో ఓటీటీ యాప్‌లున్నాయని ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. అవి మీ టీవీలో ఉండనే ఉన్నాయి, ప్లేయర్‌లోనివి ముందుగా పాతబడతాయి.

పిల్లల కోసం డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 గానీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ ఇంట్లో ఉంటే, అవి 4కె బ్లూరేలను ఆడిస్తాయి కాబట్టి వేరే ఖర్చు పెట్టేముందు వాటిని ప్రయత్నించండి. ప్లేస్టేషన్ 5 డిస్కు మీది డాల్బీ విజన్‌ను పంపదు, ఆడియో సీడీలను అసలే ఆడించదు.

[తెరపై: వాడిన ప్లేయర్ ట్రే తెరుచుకుంటుంది. చేతిలో మూడు డిస్కులు.]

వాడిన ప్లేయర్ కొనేవారు ఇంటి నుంచి మూడు డిస్కులు తీసుకువెళ్ళాలి. ఒక డీవీడీ, రెండు పొరల మామూలు బ్లూరే ఒకటి, 4కె ప్లేయర్ అయితే 100 గిగాబైట్ల డిస్కు ఒకటి. డీవీడీకీ బ్లూరేకీ లేజర్లు వేరు కాబట్టి ఒకటి చక్కగా ఆడినంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదు. సినిమా మొదలవగానే తృప్తిపడకుండా మధ్య అధ్యాయానికీ, తరువాత చివరి అధ్యాయానికీ దూకండి. లేజర్ నీరసించిన ప్లేయర్ మొదటి పది నిమిషాలు బాగానే ఆడి, పొర మారే చోట బొమ్మను గళ్ళు గళ్ళుగా విడగొడుతుంది, లేదా నిలిచిపోతుంది. ట్రేను నాలుగైదు సార్లు తెరిచి మూయించండి. లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటే ట్రే సగంలో ఆగుతుంది. రిమోట్ లేకుండా ఇస్తానంటే ధర బాగా తగ్గించమనండి, ఎందుకంటే ప్లేయర్ ముందు భాగాన రెండు మీటలే ఉంటాయి, సెట్టింగ్స్ అన్నీ రిమోట్‌లోనే ఉంటాయి.

కొత్త ప్లేయర్‌లో డిస్కు నిలిచిపోయినా వెంటనే ప్లేయర్‌ని తప్పుపట్టకండి. డీవీడీలో సమాచారపు పొర ఉపరితలానికి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటే, బ్లూరేలో అది 0.1 మిల్లీమీటరు లోతునే ఉంటుంది. అందుకే వేలిముద్ర, నూనె మరక డీవీడీ కంటే దీన్నే ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క సబ్బు కలిపి కడిగి, మెత్తని బట్టతో మధ్య నుంచి అంచువైపు నిలువుగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత సమాచారపు వరుస వెంటే పడుతుంది.

ఇంటికి తెచ్చాక వేడెక్కే రిసీవర్ మీద ప్లేయర్‌ని పేర్చకండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ప్లేయర్ మళ్ళీ లేవకపోవచ్చు కాబట్టి, ఆ కాసేపూ దాన్ని ఇన్వర్టర్ లైనుకు కలపండి. సౌండ్‌బార్‌లోగానీ రిసీవర్‌లోగానీ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉంటే ప్లేయర్‌ని నేరుగా దానికే కలపండి. టీవీ నుంచి ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగలోనే వెనక్కి పంపే పాత ఏఆర్‌సీ ద్వారాగానీ ఆప్టికల్ తీగ ద్వారాగానీ డిస్కులోని నాణ్యత తగ్గని డాల్బీ ట్రూహెచ్‌డీ ధ్వని పూర్తిగా రాదు. సోనీలో బీడీ ఆడియో మిక్స్ సెట్టింగ్ అన్నదాన్ని ఆపేయండి, అది నడుస్తున్నంతసేపు అసలు ధ్వని తగ్గిపోయి వస్తుంది.

[తెరపై: బిల్లు, పెట్టె, వాటి పక్కన 4కె డిస్కు.]

వాపసు గడువు ముగిసేలోగా మీ దగ్గరున్న అతిపెద్ద డిస్కును, అంటే మూడు పొరల 4కె సినిమాను, ఒక్కసారైనా ఎక్కడా దూకకుండా మొదటి నుంచి చివరి పేర్ల దాకా ఆడించి చూడండి. అది ఆగకుండా పూర్తయ్యేదాకా పెట్టెనూ, లోపలి థర్మాకోల్‌నూ, బిల్లునూ పారేయకండి.