చింతపండుతో తోమిన నిజాం రూపాయిలు

నమస్తే అండి. మల్కాజిగిరి నుంచి ఒక చెల్లెలు రాసింది. వాళ్లాయన దగ్గర నిజాం కాలం నాణేలు ఉన్నాయి. దీపావళికి లక్ష్మీపూజలో పెడదామని ఆమె వాటిని చింతపండు, కొబ్బరిపీచు పెట్టి తళతళలాడేలా తోమింది. ఆయన చూసి ఆ రాత్రి అన్నం కూడా ముట్టలేదట. అప్పట్నుంచి బీరువా తాళం జేబులో వేసుకునే తిరుగుతున్నాడు. "నల్లగా ఉన్నవాటిని తెల్లగా చేశాను, అది కూడా తప్పేనా అన్నా?" అని అడుగుతోంది.

అమ్మా, ముందు ఆ నాణెం ఏంటో చెప్తాను. అది హాలీ సిక్కా రూపాయి, అంటే హైదరాబాద్ నిజాంలు సొంతంగా ముద్రించిన రూపాయి. పదకొండు గ్రాముల పైచిలుకు బరువు, నూటికి దాదాపు 82 పాళ్లు వెండి. ఒకవైపు చార్మినార్ ఉంటుంది. ఆ గుమ్మంలోకి భూతద్దం పెట్టి చూడు, చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానిదైతే 'మీమ్', 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే 'ఐన్'. హైదరాబాద్ పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌లో మీ ఆయన గంటలు గంటలు వెతికేది ఆ అక్షరం కోసమే! పైనున్న నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం తగిలి వెండి మీద ఏళ్ల తరబడి పట్టిన పొర అది. చింతపండు పెట్టి తోమితే ఆ పొర పోతుంది, పీచు రాస్తే సన్నటి గీతలు పడతాయి. నాణేలు కొనేవాళ్లు చూడగానే పట్టేస్తారు, ధర తగ్గించేస్తారు. ఆయన బాధ నిజమైనదే.

అయినా నేను నీ వైపే మాట్లాడతాను. పూజకి వెండి తీస్తే చింతపండుతో తోమడం మనిళ్లలో ఎప్పట్నుంచో ఉన్నదే. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఒక్కసారైనా నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ గుమ్మంలో అక్షరం చూపించాడా? ఎంత పెట్టి కొన్నాడో కూడా చెప్పలేదని రాశావు. చెప్పకుండా దాచి, ఇప్పుడు తాళం వేస్తే ఎలా? తమ్ముడూ, ఈ వీడియో చూస్తుంటే ముందు ఆ తాళం తీసెయ్.

"అమ్మేస్తే పాప ఫీజుకైనా వస్తాయి" అని మీ అత్తగారు అన్నారట. ఆయనకి తెలియకుండా మాత్రం ఒక్కటి కూడా అమ్మొద్దు. ఇద్దరూ కూర్చుని ఒక్కో నాణేన్నీ విడిగా కాగితం కవర్లో పెట్టండి, మెత్తటి ప్లాస్టిక్ వద్దు. కవరు మీద ఏ నిజాందో, ఎంతకి కొన్నాడో ఆయన చెప్తుంటే నువ్వే రాయి. తోమినవాటిలో రెండు పూజగదికి ఇచ్చేయమను. వాటిని ఏటా తోముకో, ఎవరూ ఏమీ అనరు.